నూట పద్నాలుగో పేజీ, ఆరో మాట

ఫిబ్రవరి 3, సోమవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు, అందుకని రాస్తున్నాను.

అన్నయ్య కూతురికి ఎనిమిదేళ్లు. సాయంత్రం బల్ల దగ్గర ఇంగ్లీషు హోంవర్కు చేసుకుంటోంది. నేను పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. వదిన స్టవ్ దగ్గర ఉంది. అన్నయ్య ఫోన్ చూసుకుంటున్నాడు. ఉన్నట్టుండి పిల్ల ఎగిరి గంతేసి, అత్తా, నువ్వు పుస్తకంలో ఉన్నావు అంది. మొహం వెలిగిపోతోంది. స్పిన్‌స్టర్ అంటే నువ్వేనట అని వేలు పెట్టి చదివింది. పెళ్లి కాక మిగిలిపోయిన ఆడది.

అన్నయ్య గ్లాసెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగేశాడు. వదిన గిన్నె మీద మూత సరిగ్గానే ఉన్నా మళ్లీ సర్దింది. పిల్ల మాత్రం కరెక్టేనా అత్తా అని రెండుసార్లు అడిగింది. కరెక్టే అన్నాను. ఎనిమిదేళ్ల పిల్లతో ఏం వాదిస్తాను?

ఆ పుస్తకం మా ఆఫీసుదే. పేరు తోకమాటలు. ఒకే అక్షరాలతో ముగిసే ఇంగ్లీషు మాటలన్నీ ఒక చోట చేర్చి, పక్కన తెలుగులో అర్థం ఇస్తాం. లెస్ అని ముగిసేవి ఒక పేజీ, షిప్ అని ముగిసేవి ఒక పేజీ, స్టర్ అని ముగిసేవి ఒక పేజీ. తోక దొరికితే మాట దొరికినట్టే అని మా పాత ఓనరు, పెద్దాయన సిద్ధాంతం. ఇప్పటికి పదహారుసార్లు అచ్చయింది. లోపలి పేజీలో సంపాదక వర్గం అని ఉంటుంది. ఆ వర్గం అంటే నేను, నా కుర్చీ, నెత్తిన తిరిగే ఫ్యాను.

అంటే ఆ అర్థం రాసింది నేనే.


ఫిబ్రవరి 4

ఆఫీసుకి వెళ్లగానే కార్డుల సొరుగు లాగాను. మా కార్డులు మామూలు డిక్షనరీలా మొదటి అక్షరం చూసి సర్దినవి కావు. వెనక నుంచి సర్దినవి. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలూ నేను బస్సు బోర్డులు కూడా వెనక నుంచే చదివేదాన్ని.

దొరికింది. నీలం ఇంకు, కుడివైపు వాలిన అక్షరాలు. నావే. ఇరవై రెండేళ్ల కిందటివి. ఏదో పాత డిక్షనరీలో చూసి మక్కీకి మక్కీ దింపేశాను. మిగిలిపోయిన అనే మాట అందులో ఉందో, నేనే సొంత తెలివితో కలిపానో గుర్తు లేదు. అప్పుడు నాకు ఇరవై అయిదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆ మాట ఎవరో వేరేవాళ్లదని అనుకుని ఉంటాను.

ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి ఇది కూడా రాస్తాను. ముగ్గురు వచ్చి చూశారు. ఇద్దరు వద్దన్నారు. మూడోవాడు ఉద్యోగం మానేస్తేనే అన్నాడు, నేను వద్దన్నాను. తర్వాత రెండేళ్లు ఏడుపు మొహంతో తిరిగాను. ఆ తర్వాత ఒక రోజు ఇంట్లో నా పైగదిలో తలుపు వేసుకుని, టీ కప్పు పక్కన పెట్టుకుని, కార్డులు ముందేసుకుని కూర్చున్నప్పుడు, నాకు ఇదే బాగుందని తెలిసింది. ఇప్పుడు నలభై ఏడు. ఇప్పటికీ బాగుంది. నేను ఎక్కడా మిగల్లేదు.


ఫిబ్రవరి 5

గమ్మక్కతో పరీక్ష పెట్టాను.

గమ్మక్క మా కింది అంతస్తులో బైండింగ్ చేసే పన్నెండు మంది ఆడవాళ్లకి పెద్ద. ముప్పై ఏళ్లుగా గమ్ముతో పని కాబట్టి ఆ పేరు. గమ్మున ఉండటం మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ తెలియదు. తెలుగు చదవగలదు, ఇంగ్లీషు ముక్క రాదు. అందుకే పెద్దాయన ఆవిణ్ణి పట్టుకున్నాడు. ఏ అర్థం రాసినా అసలు మాట చెప్పకుండా గమ్మక్కకి చదివి వినిపించాలి. అదేమిటో ఆవిడ చెప్పగలిగితే కార్డు పాసు, లేకపోతే మళ్లీ రాయాలి. లాబ్‌స్టర్‌కి నేను సముద్రంలో ఉంటుంది, గట్టి పెంకు, ముందు రెండు పట్టుకార్లు అని రాస్తే పీత అంది. పొడుగాటి తోక కూడా ఉంటుంది అని కలిపితే, ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదా మేడమ్మా అంది. ఎలా తప్పించుకుందో, స్పిన్‌స్టర్ కార్డు ఈ పరీక్షకి ఎప్పుడూ వెళ్లలేదు.

ఇవాళ పంపాను. పెళ్లి కాక మిగిలిపోయిన ఆడది అని చదివాను. గమ్మక్క జిగురు కలిపే కర్ర ఆపేసి, ఎవర్ని తిడుతున్నారు మేడమ్మా అని అడిగింది. తిట్టు కాదు, అర్థం అన్నాను. అర్థమైతే ఏదో ఒక వస్తువో మనిషో కనబడాలి కదా, నాకు తిట్టేవాళ్ల నోరే కనబడుతోంది అంది. తర్వాత కర్ర మళ్లీ తిప్పుతూ, అవునుగానీ పెళ్లయ్యాక మిగిలిపోయినవాళ్లకి ఏ మాటుందో అది కూడా వెతకండి, నాకు పనికొస్తుంది అంది. ఆవిడ మొగుడు కూరగాయలకని వెళ్లి పంతొమ్మిదేళ్లయింది.

కార్డు ఫెయిల్.


ఫిబ్రవరి 7

పెద్ద డిక్షనరీ దించాను. రెండు చేతులా ఎత్తాలి దాన్ని. నేను అప్పట్లో చేయాల్సిన పని ఇరవై రెండేళ్లు ఆలస్యంగా చేశాను.

ఈ స్టర్ అనే తోక ఒకప్పుడు ఆడమనిషి చేసే పనికి గుర్తు. మగ్గం మీద నేసే ఆమె వెబ్‌స్టర్. బీరు కాచే ఆమె బ్రూస్టర్. నూలు వడికే ఆమె స్పిన్‌స్టర్. అంతే! పెళ్లి ఊసే లేదు. నూలు వడికి నాలుగు రాళ్లు సంపాదించుకునే మనిషి ఒకరి ఇంటికి వెళ్లాలన్న తొందర లేకుండా బతికింది కాబోలు, ఆ మాట మెల్లిగా పెళ్లి కాని ఆవిడకి అంటుకుంది. ఆ తర్వాత పనుల్లోకి మగవాళ్లు వచ్చి కూర్చున్నారు, తోక కూడా వాళ్లదే అయింది. చివరికి గ్యాంగ్‌స్టర్‌కీ అదే తగిలించారు.

సిస్టర్, మాన్‌స్టర్, మినిస్టర్ ఈ ఇంటివాళ్లు కారు. అక్షరాలు కలిశాయి కాబట్టి పక్క వాటాల్లో అద్దెకున్నారు. మినిస్టర్‌కీ మాన్‌స్టర్‌కీ మధ్య ఒకే గోడ. దాని గురించి నేనేమీ అనను.

కొత్త కార్డు రాశాను. ఒకటి, పూర్వం నూలు వడికి తన బతుకు తాను బతికిన స్త్రీ. రెండు, పెళ్లి చేసుకోకుండా ఉన్న స్త్రీ. ఇప్పుడు ఎవరినీ ఇలా పిలవకూడదు.

గమ్మక్కకి వినిపించాను. మొదటిదానికి మా నాయనమ్మ అంది వెంటనే. రెండోదానికి వేలు నావైపు చూపించింది. నొప్పి పుట్టలేదు. కార్డు పాసు.


ఫిబ్రవరి 10

కుర్ర ఓనరుతో మాట్లాడాను. పెద్దాయన పోయి ఏడాదిన్నర అయింది, ఇప్పుడంతా కొడుకుదే. ముప్పై ఒకటి ఉంటాయి. చెడ్డవాడు కాదు. కూర్చోమంటాడు, మంచినీళ్లు తెప్పిస్తాడు, మేడమ్ అని పిలుస్తాడు. వినడం ఒక్కటే రాదు.

పదిహేడో ముద్రణకి అచ్చు ప్లేట్లు రెడీగా ఉన్నాయి, పాతవే, అక్షరం ముట్టుకునేది లేదు అన్నాడు. కారణం లేకపోలేదు. స్కూళ్లకి పుస్తకాలు ఆమోదించే కమిటీ ఒకటుంది. లోపల ఒక్క అర్థం మార్చినా మళ్లీ మొదటి నుంచీ దరఖాస్తు, ఎనిమిది నెలలు. అప్పటికి స్కూళ్లు తెరిచి సగం ఏడాది అయిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ కంప్లయింట్ చేయలేదు మేడమ్ అన్నాడు. తప్పుని ఎవరూ పట్టుకోకపోతే ఒప్పయిపోతుందా అని అడిగాను. నవ్వాడు. మీరు దీన్ని కొంచెం పర్సనల్‌గా తీసుకుంటున్నారేమో అన్నాడు.

మంచినీళ్లు తాగకుండా వచ్చేశాను.


ఫిబ్రవరి 10, సాయంత్రం 6

పర్సనల్‌గానే తీసుకుంటున్నాను. ఇంకెలా తీసుకోవాలి?


ఫిబ్రవరి 12

అన్నయ్యని స్కూలుకి పిలిపించారు.

మా పిల్ల క్లాసులో లేచి నిలబడి, డ్రాయింగ్ టీచర్‌తో, టీచర్, మీరు కూడా మా అత్తలాగే స్పిన్‌స్టరా అని అడిగిందట. పాపం, అది పొగడ్త అనుకుంది. అంటే ఏమిటని టీచర్ అడిగితే పుస్తకం తెరిచి గడగడా చదివి వినిపించింది. క్లాసంతా గొల్లున నవ్వారు. పిల్లని గంటసేపు బయట నిలబెట్టారు. ఇంటికొచ్చి, పుస్తకంలో ఉన్నదే కదా చదివాను అని ఒకటే ఏడుపు. అన్నయ్య సారీ చెప్పి వచ్చాడు. ఆ పుస్తకం ఎవరు రాశారో మాత్రం చెప్పలేదట. పరువు పోతుందని.

ఎవరి పరువు అని అడిగాను. వదిన మధ్యలో వచ్చింది. ఆ మాట మార్చినంత మాత్రాన లోకం నోరు మూసుకుంటుందా, ఎందుకు కోరి తలనొప్పి తెచ్చుకుంటావు, నీ ఉద్యోగం నీకుంది, నీ గది నీకుంది, నిన్ను మేమెప్పుడైనా ఒక్క మాట అన్నామా అంది. నిజమే. ఎప్పుడూ అనలేదు. నేను వినకుండా ఉండటానికి ఎంత జాగ్రత్తపడతారో నాకు తెలుసు.

పిల్ల పైగదికి వచ్చి నా దుప్పటిలో దూరి పడుకుంది. నేను తప్పు చేశానా అత్తా అంది. నువ్వు చేయలేదు, నేను చేశాను అన్నాను. దానికి అర్థం కాలేదు. నిద్రపోయింది.


ఫిబ్రవరి 13

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి స్కూలుకి వెళ్లాను.

డ్రాయింగ్ టీచర్‌కి ముప్పై మూడు, ముప్పై నాలుగు ఉంటాయేమో. వేళ్లకి రంగులు. పిల్ల మీద కోపం లేదంది. మొన్నటి నుంచీ పిల్లలు మిగిలిపోయిన టీచర్ వస్తోంది అని గుసగుసలాడుతున్నారట. కారిడార్‌లో పెద్ద క్లాసుల పిల్లలు కూడా. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో టిఫిన్ డబ్బా తెరిచి, మిగిలిపోయింది ఎవరికైనా కావాలా అని అంటే ఇద్దరు దగ్గారట, నవ్వు ఆపుకోలేక. ఆవిడ ఇదంతా పెన్సిల్ చెక్కుకుంటూ చెప్పింది. పెన్సిల్ సగమైంది.

ఇలాంటి పుస్తకాలు ఎవరు రాస్తారండీ అని అడిగింది. నేనే అన్నాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. మీవారేం చేస్తారు అంది. లేరు, నేను పెళ్లి చేసుకోలేదు అన్నాను. ఇక చూడాలి నవ్వడం! కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అనేది. తొక్కేశాను. ఇప్పుడు కడుక్కోవాలి.

వచ్చేటప్పుడు ఒక్క మాటే అంది. తీసేయండి.

తీసేస్తాను అన్నాను. ఎలాగో తెలియకుండానే మాట ఇచ్చేశాను.


ఫిబ్రవరి 17

కాగితం మీద రాసి ఇచ్చాను కుర్ర ఓనరుకి. స్కూల్లో జరిగిందంతా రాశాను. చదివాడు. అయ్యో అన్నాడు. వచ్చే ముద్రణకి చూద్దాం అన్నాడు. ఇంకో సంగతి కూడా మెల్లిగా చెప్పాడు. వచ్చే ఏడాది నుంచి అర్థాలన్నీ కంప్యూటర్ రాసిపెడుతుందట. నేను ఊరికే ఓసారి చూస్తే చాలట. అందుకని ఈ ఒక్క ఏడాదికి ఎందుకు మేడమ్ ఇంత పట్టుదల, మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎలా అన్నాడు.

నాలుగో కాలు మీరే నరికారు అని నోటిదాకా వచ్చింది. మింగాను. ఎందుకు మింగానో అర్థం కావడం లేదు.


ఫిబ్రవరి 18

మింగి ఉండాల్సింది కాదు.


ఫిబ్రవరి 20, మధ్యాహ్నం

అచ్చు మొదలైంది. కింద మిషన్ మోగుతుంటే నా బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. ఆరు వేల కాపీలు. ఆరు వేల మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఏదో ఒక స్కూల్లో పెళ్లి కాని టీచర్ ఒకరు ఉండకపోదు. అత్తో, పిన్నో, పక్కింటి అక్కో ఉండకపోదు.

కుర్ర ఓనరు తలుపు దగ్గర నిలబడి, ఎప్పటిలాగే తప్పొప్పుల చీటీ రాసి కిందికి పంపేయండి మేడమ్, నాకు చూపించక్కర్లేదు అని వెళ్లిపోయాడు.

తప్పొప్పుల చీటీ! పాత ప్లేట్లలో పదకొండు తప్పులున్నాయి. ఎక్కడో ఒక ఒత్తు విరిగింది, ఎక్కడో ఒక సున్నా రాలింది. ప్లేట్లు మార్చకుండా ప్రతిసారీ చిన్న చీటీ అచ్చువేసి, వెనక అట్ట లోపల అంటిస్తారు. దాన్ని రాసేది నేను. సంతకం నాది. లోకంలో ఏ మనిషీ దాన్ని చదివిన పాపాన పోలేదు, రాసిన నేను తప్ప.

కమిటీవాళ్ల నియమాల పుస్తకం తీశాను. ఇరవై మూడో పేజీలో ఉంది. ఆమోదం పొందిన పుస్తకంలో అచ్చుతప్పులుంటే చీటీ ద్వారా సవరించవచ్చు, అందుకు మళ్లీ దరఖాస్తు అవసరం లేదు. మూడుసార్లు చదివాను. అచ్చయింది. తప్పు. ఇంకేం కావాలి వాళ్లకి?

పన్నెండో తప్పు రాశాను. 114వ పేజీ, ఆరో మాట.


ఫిబ్రవరి 21

చీటీ నమూనా పట్టుకుని గమ్మక్క పైకి వచ్చింది. తనకి అర్థమైపోయింది. తెలుగు చదువుతుంది కదా. తలుపు దగ్గరికి వేసి, ఇది వెనక అట్టకి అంటిస్తే ఎవడు చూస్తాడు మేడమ్మా అంది. పుండు మోకాలి మీద ఉంటే మందు వీపుకి రాస్తామా అంది.

నాకా ఆలోచనే రాలేదు. ఇరవై రెండేళ్లుగా చీటీ వెనక అట్టకే అంటుతోంది కాబట్టి అక్కడే అంటుకోవాలని అనుకున్నాను. గమ్మక్క మాత్రం స్కేలు తెచ్చి 114వ పేజీలో ఆరో మాట అర్థాన్ని కొలిచింది. పొడవు ఏడు సెంటీమీటర్లు, వెడల్పు ఒకటింపావు. ఈ కొలతకి విడిగా కొట్టించండి, సరిగ్గా దాని నెత్తి మీద కూర్చోబెడతాం అంది. ఉద్యోగాలు పోతాయి అన్నాను. మాకు మేడమ్ సంతకం పెట్టిన చీటీ వచ్చింది, అంటించాం, అంటించడమే కదా మా పని, పోతే మీదే పోతుంది అంది. కళ్లలోకి చూసి మరీ అంది. ఇంత తిన్నగా నాతో ఎవరూ మాట్లాడి చాలా రోజులైంది.

పోతే నాదే. సరే అన్నాను.


ఫిబ్రవరి 24

రెండు చీటీలూ అచ్చయ్యాయి. పాతది పదకొండు తప్పులతో వెనక అట్టకి. కొత్తది ఒక్క తప్పుతో. రిజిస్టర్‌లో రెండింటికీ సంతకం పెట్టాను. పూర్తిగా పెట్టాను, పొట్టిది కాదు.


ఫిబ్రవరి 27

పద్దెనిమిది వందలు అయ్యాయట. నేను కిందికి వెళ్లడం లేదు. వెళ్తే అనుమానం వస్తుందని గమ్మక్క గట్టిగా చెప్పింది. మీ మొహం మీ డైరీ లాంటిది, అందరూ చదివేస్తారు అంది. డైరీ రాస్తున్నానని ఆవిడకెలా తెలుసు?


మార్చి 1

నాలుగు వేలు. కుర్ర ఓనరు బైండింగ్ వైపు మెట్లు దిగుతుంటే తలుపు సందులోంచి చూశాను. కారు తాళం కింద మరిచిపోయాడట. తీసుకుని వెళ్లాడు.


మార్చి 4

ఆరు వేలు. లారీ ఎక్కించారు. పది కాపీలు పైకి పంపారు, మామూలుగా పంపేవే.


మార్చి 5

పట్టుబడ్డాను. వేరే ఎవరో కాదు, నన్ను నేనే పట్టించాను. పది కాపీల్లో ఒకటి ఆయన బల్ల మీద 114వ పేజీ తెరిచి పెట్టాను. దొంగలా దాక్కోవడం నాకు చేతకాలేదు, పైగా ఇష్టం లేదు.

చూశాడు. గోటితో చీటీ అంచు గీకాడు. గమ్మక్క జిగురు, అంత సులువుగా ఊడుతుందా! మొహం ఎర్రబడింది. ఎవరి పర్మిషన్‌తో అన్నాడు. కమిటీ పర్మిషన్, ఇరవై మూడో పేజీ అన్నాను. ఇది అచ్చుతప్పా అన్నాడు. ఇరవై రెండేళ్ల కిందట నేను చేసిన తప్పు, మీ నాన్నగారు అచ్చువేశారు, ఏమనాలో మీరే చెప్పండి అన్నాను. లారీని వెనక్కి రప్పిస్తానన్నాడు. గమ్మక్కని పిలిచి ఊడదీయమన్నాడు. ఊడదీస్తే పేజీ కూడా వస్తుంది బాబూ, 113 పోతుంది, 113లో షిప్ మాటలన్నీ ఉన్నాయి అంది గమ్మక్క, ఎంతో బాధపడుతున్నట్టు. ఆవిడ నటన అంతంతమాత్రం. ఆయన గమనించే స్థితిలో లేడు.

చివరికి ఒక పని చేయండి, పొరపాటున జరిగింది, క్షమించండి అని రాసివ్వండి, ఇంతటితో వదిలేద్దాం అన్నాడు. గొంతు తగ్గించి మర్యాదగానే అన్నాడు. నేను కాగితం తీసుకున్నాను. ఇరవై రెండేళ్ల కిందట స్పిన్‌స్టర్ అనే మాటకి ఆలోచించకుండా తప్పుడు అర్థం రాసి పదహారు ముద్రణల పిల్లల చేత చదివించినందుకు క్షమించండి అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను.

ఇది కాదు నేనడిగింది అన్నాడు. నా దగ్గరున్న తప్పు ఇదొక్కటే అన్నాను.

సాయంత్రానికి కవరు ఇచ్చారు. మార్చి 31తో నా సేవలు చాలు.


మార్చి 5, రాత్రి భోజనాలయ్యాక

ఇంట్లో చెప్పాను. అన్నయ్య కూడబలుక్కుని, రేపు వెళ్లి ఒక మాట రాసిచ్చేస్తే పోలా, రాస్తే నీ సొమ్మేం పోతుంది అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుండగానే వదిన కంచాలు తీస్తూ, రాయదు అంది. ఆ ఒక్క మాటే. అన్నయ్య ఆవిడ వంక చూశాడు. రాయదు, రాయకూడదు కూడా అంది వదిన, కంచాల చప్పుడు కంటే గట్టిగా.

పద్దెనిమిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. వదినంటే నాకు ఇంత ఇష్టమని ఇవాళే తెలిసింది.


మార్చి 31

సొరుగు తాళం ఇచ్చేశాను. కార్డులు ఆఫీసువి. కుర్ర ఓనరు లేచి నిలబడి, మీరు తొందరపడ్డారు మేడమ్ అన్నాడు. ఇరవై రెండేళ్లు ఆలస్యం చేశాను, తొందరెక్కడిది అన్నాను.

కింద పన్నెండు మందీ మిషన్లు ఆపి నిలబడ్డారు. ఎవరూ ఏడవలేదు. ఆదివారాలు ఖాళీయే, అర్థాలు వినడానికి వస్తాను, టీ ఇవ్వాలి అంది గమ్మక్క.


ఏప్రిల్ 13, ఆదివారం

వచ్చింది. రెండు టీలు తాగింది. హుడ్ తోకతో మొదలుపెట్టాను. నా సొంత పుస్తకం. ఎవరు వేస్తారో తెలియదు. విడోహుడ్ అర్థానికి గమ్మక్క నన్ను నాలుగుసార్లు తిప్పికొట్టింది. చైల్డ్‌హుడ్ ఒక్కసారికే పాసు.


జూన్ 17

స్కూళ్లు తెరిచారు. పిల్ల కొత్త తోకమాటలు పట్టుకుని పైగదికి పరుగెత్తుకొచ్చింది. 114వ పేజీ తడితడిగా ఉంది. చీటీ మూల లేచింది. ఎందుకు చింపావే అని అరిచాను. నేను కాదు, డ్రాయింగ్ టీచరే మొదట తడి దూదితో ఊడదీసి చూశారు, ఇప్పుడు అందరం ఊడదీస్తున్నాం అంది.

ఇంత చేసి చివరికి పిల్లలు కిందిదే చదువుతున్నారా? చూపించు అన్నాను. మెల్లిగా ఎత్తి చూపించింది.

కింద పాత అర్థం లేదు. నల్ల ఇంకుతో అడ్డంగా కొట్టేసి ఉంది, ఒక్క అక్షరం కనబడకుండా. దాని పక్కన పెన్సిల్‌తో ఒక పేరు. నాకు తెలిసిన పేరే. మూడో మిషన్ దగ్గర కూర్చునే ఆవిడది.


జూన్ 18

గమ్మక్కకి ఫోన్ చేశాను. పిల్లలు చీటీ చూస్తే గీకకుండా ఉంటారా మేడమ్మా, మీరు పిల్లల పుస్తకాలే రాస్తారు గానీ పిల్లలు తెలియదు అంది. మరి పేర్లేమిటి అన్నాను. ఎవరు ఎన్ని చేశారో లెక్క తెలియడానికి ప్రతి మనిషీ పుస్తకం మూల పెన్సిల్‌తో ఒక గీత పెడుతుంది, ఎప్పుడూ పెట్టేదే. ఈసారి ఎలాగూ చీటీ కింద కనబడదు కదా అని గీతకి బదులు పేరు రాసుకున్నాం, ఆ మాట పనిచేసే ఆడవాళ్లదని మీరే చెప్పారు కదా అంది.

పన్నెండు మంది పేర్లూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఫోన్లో గమ్మక్క, జీవితంలో మొదటిసారి, గమ్మున ఉంది.


జూన్ 23

క్లాసులో పేర్లు ఏరుకుంటున్నారట. మొత్తం పన్నెండని ఎలాగో కనుక్కున్నారు. ఎవరి పుస్తకంలో ఎవరుంటే వాళ్లు ఆ జట్టు. డ్రాయింగ్ టీచర్‌కి గమ్మక్క అసలు పేరు వచ్చిందని అందరికీ కుళ్లు. మిగిలిపోయిన అనే మాట ఇప్పుడెవరూ అనడం లేదా అని అడిగాను. అదేమిటత్తా అంది పిల్ల.


జూన్ 24

పిల్ల పుస్తకం తెరిచి పెన్సిల్ నా చేతిలో పెట్టింది. నీ పేరు ఎవరి దగ్గరా లేదు, నాకు కావాలి అంది.

స్పిన్‌స్టర్ పక్కన రాశాను. ఇంటిపేరుతో సహా.